ముందు అగ్నివీర్, తర్వాత పోలీస్: వెళ్లేముందు వేసుకోవాల్సిన లెక్క

కంది చౌరస్తా నుంచి పటాన్‌చెరు దాకా ఇంటర్ అయిన పిల్లలు చాలామంది అడిగేది ఒకటే: "ముందు ఆర్మీకి పోయొస్తే పోలీస్ నౌకరీ అల్కగ వస్తదా?" సూటిగా చెప్తాను. సైన్యం మీద ఇష్టముంటేనే సైన్యానికి వెళ్లండి. స్టేషన్‌లో పనిచేయాలన్నదే కోరికైతే నేరుగా పోలీస్ పరీక్షకే కూర్చోండి.

పెద్దలు చెప్పే దారి పాతది. పదిహేనేళ్లకు పైగా సర్వీస్ చేసి, పింఛనుతో ఊరికొచ్చి, మాజీ సైనికుల కోటాలో మళ్లీ ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లను వాళ్లు చూశారు. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చాక సిపాయిలను అగ్నివీరులుగా నాలుగేళ్లకే తీసుకుంటున్నారు. ఆ తర్వాత రెగ్యులర్‌లోకి తీసుకునేది 25 శాతం మించదు. మిగతావాళ్ల చేతికి సేవానిధి సుమారు 11.71 లక్షలు వస్తుంది గానీ పింఛను ఉండదు, మాజీ సైనికుడి హోదా కూడా ఉండదు. హోదా లేకపోతే ఆ కోటా అడగలేరు. ఈ ఒక్క సంగతి మాత్రం ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పి కదలండి.

వయసు మరీ ముఖ్యం. తెలంగాణలో కానిస్టేబుల్ నోటిఫికేషన్ ఏటా పడదు. 2018 తర్వాత మళ్లీ 2022లోనే పడింది. మామూలు వయోపరిమితి 22 ఏళ్లు. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. 2022లో ప్రత్యేకంగా పెంచారు, ప్రతిసారీ పెంచుతారనుకుని కూర్చోలేం. పద్దెనిమిదికి వెళ్లిన ఓసీ కుర్రాడు తిరిగొచ్చేసరికే 22 నిండుతాయి.

పరుగులో ముందుంటామన్న ధీమా కూడా వద్దు. 2022 భర్తీలో సివిల్ కానిస్టేబుల్‌కు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో దాటితే చాలు. అది అర్హతకే. ఉద్యోగం తేల్చింది రాతపరీక్ష మార్కులే.

సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాలైతే ఈ దారి పనికొస్తుంది. 2022లోనే మాజీ అగ్నివీరులకు 10 శాతం రిజర్వేషన్, మూడేళ్ల సడలింపు ప్రకటించారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు నాటి నోటిఫికేషనే నమ్మండి. అయితే అక్కడ చేసేది కాపలా, బందోబస్తు. కేసు రాసి దర్యాప్తు చేసే పని కాదు.

సైన్యం నుంచి వచ్చినవాళ్లకు మా ప్రాంతపు స్టేషన్లలో నిజంగా అక్కరకొచ్చేది హిందీ. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫార్మా పరిశ్రమ పేలినప్పుడు చనిపోయినవాళ్లలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కూలీలు ఎందరో. శవాలను డీఎన్‌ఏ పరీక్షలతో గుర్తించాల్సి వచ్చింది. అలాంటి రోజున, తెలుగు రాని ఒక తండ్రికి కొడుకు సంగతి ఓపిగ్గా చెప్పగలిగిన పోలీసు ఎంత అవసరమో ఆలోచించండి. అయితే ఆ ఓపిక పరేడ్ మైదానంలో రాదు, వేరుగా అలవరచుకోవాలి.

అయినా వెళ్తానంటే మంచిదే. పదితోనే చేరినవాళ్లు సర్వీసులో ఉండగానే ఇంటర్ సర్టిఫికెట్ సంపాదించుకోండి. అరిథ్‌మెటిక్, రీజనింగ్ పుస్తకాలు బ్యాగులో పెట్టుకెళ్లండి. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదివిన బడుల స్టడీ సర్టిఫికెట్లు తీసుకుని ఇంట్లో భద్రంగా ఉంచండి. లోకల్ అభ్యర్థి అని తేల్చేది అవే.