సంధికి శాసనబలము: మెడెలిన్ వ్యాజ్యము

సంధులు దేశమునకు పరమశాసనములని అమెరికా రాజ్యాంగము 6వ అధికరణము ఉద్ఘోషించుచున్నను, ప్రతి సంధియు తనంతట తానే న్యాయస్థానములలో అమలు కానేరదని ఆ దేశపు సుప్రీంకోర్టు 2008 మార్చి 25న మెడెలిన్ వ్యాజ్యమున 6-3 ఆధిక్యముతో తీర్పు చెప్పెను. నిర్బంధింపబడిన విదేశీయునకు, మీ కాన్సులేటుకు కబురు పంపింపవచ్చునని జాగు లేక తెలుపవలెనని కాన్సులర్ సంబంధములపై 1963 నాటి వియన్నా ఒడంబడిక 36వ అధికరణము విధించుచున్నది. ఆ ఒక్క మాట చెప్పకపోవుటచేతనే, 51 మంది మెక్సికో పౌరుల శిక్షలను పునస్సమీక్షింపవలెనని హేగులోని అంతర్జాతీయ న్యాయస్థానము 2004లో అవేనా వ్యాజ్యమున ఆదేశించి యుండెను; టెక్సాసు రాష్ట్రమున మరణశిక్ష పడిన మెడెలిన్ వారిలో ఒకడు. కాంగ్రెసు చట్టము చేయనిదే ఆ ఆదేశము టెక్సాసును బంధింపదని సుప్రీంకోర్టు అనుట తర్కసమ్మతమే కావచ్చును గాని, ఆ తీర్పు దేశము ఇచ్చిన మాటకు విలువ తగ్గించినదని నా దృఢాభిప్రాయము. 2008 ఆగస్టు 5న మెడెలిన్‌కు మరణశిక్ష అమలయ్యెను. అభ్యర్థులు మరువరాదు: పాకిస్తాను నిర్బంధించిన భారత పౌరుడు కులభూషణ్ జాదవ్ వ్యాజ్యమున అదే అంతర్జాతీయ న్యాయస్థానమునుండి 2019 జూలై 17న భారతదేశమునకు అనుకూలముగా వచ్చిన తీర్పునకును ఈ 36వ అధికరణమే ఆధారము.