ముందు బండి కింద దూరు

నౌపడ



నువ్వు పంపిన ఫొటోలు చూసేను. తెల్ల కారుని కడిగి తుడిచి, టైర్లకి నల్ల పాలిష్ పూసి, ఎండలో నిలబెట్టి తీసేరు. 2019 పెట్రోలు బండి, మీటరు మీద 31,000 కిలోమీటర్లు, 4,60,000 చెప్తున్నారు, న్యాయమైన ధరేనా మావయ్యా అని అడిగేవు. ఫొటో చూసి ధర చెప్పడం నావల్ల కాదురా. ఎలా కట్టాలో చెప్తాను, నువ్వే కట్టుకో.

డీలరు దగ్గరికి వెళ్లకముందే ఒక అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. అక్కడికెళ్లి సీట్లో కూర్చుని, ఏసీ వేసుకున్నాక మనసులో పుట్టే అంకె నీది కాదు, వాడిది. వాడు 4,60,000 అంటాడు, నువ్వు 4,40,000 అంటావు, 4,50,000 దగ్గర ఇద్దరూ నవ్వుకుని చేతులు కలుపుతారు. ఆ బేరమంతా వాడు పాతిన రాట చుట్టూ తిరిగినట్టే.

మరి నీ అంకె ఎక్కణ్నుంచి వస్తుంది? అదే మోడల్ కొత్త బండి ఇవాళ రోడ్డెక్కడానికి ఎంతవుతుందో కనుక్కో. పాత యజమాని 2019లో ఎంత పెట్టేడన్నదాంతో నీకు పనిలేదు. ఇప్పుడసలే లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, దానిమీది సెస్సూ పోయింది. కొత్తది దిగితే పాతది దాని వెనకే దిగాలి కదా. పాత బిల్లు చూపించి "ఇంచుమించు సగానికే ఇస్తున్నాం సార్" అనేవాడు ఏ ధరలో సగమో చెప్పడు.

తరవాత పాలసీ కాగితం అడిగి, అందులో ఐడీవీ, అంటే బీమా కంపెనీ ఆ బండికి కట్టిన విలువ, ఎంత రాసేరో చూడు. బీమాకి ఒక మెట్ల లెక్క ఉంది. ఆరు నెలలు దాటి ఏడాది లోపు బండికి 15 శాతం, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగు. ఐదేళ్లు దాటితే కంపెనీ, యజమాని మాట్లాడుకున్నదే విలువ. ఇది బజారు ధర కాదు. గిరాకీ ఉన్న మోడల్ దీనికంటే పైన పలుకుతుంది, లేనిది కింద పడుంటుంది. అయినా కాగితం మీద 3,40,000 ఉన్న బండికి 4,60,000 అడుగుతుంటే, మధ్యనున్న లక్షా ఇరవై వేలకి కారణం చెప్పాల్సింది వాడే.

అదే ఏడు, అదే వేరియంట్ బండ్లు విశాఖలో, విజయనగరంలో, శ్రీకాకుళంలో ఎంతకి పెట్టేరో కూడా చూసుకో. పెట్టిన ధర వేరు, తెగిన ధర వేరు. నెలల తరబడి కదలకుండా ఉన్న బండి ఎంతకి అమ్ముడవదో నీకు చెప్తోంది, అది కూడా సమాచారమే.

ఇవన్నీ చూసుకుంటే నీకు 4,20,000 తేలిందనుకో. అది ఏ లోపమూ లేని బండి ధర. ఇక్కణ్నుంచి తీసివేతలే.

ఉప్పు మళ్ల పక్కన పుట్టినవాడివి, తుప్పు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. మనూళ్లో గేటు బందులు ఎన్నాళ్లుంటాయో మీ అమ్మనడుగు. ఉప్పు గాల్లో తేమని లాక్కుంటుంది, ఇనుము ఆరనే ఆరదు. విశాఖ బండైనా అంతే, ఉన్నది సముద్రం ఒడ్డునే. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 అయిపోయింది కాబట్టి బండి మనదో కర్నూలుదో నంబరు చెప్పదు. ఇదివరకు ఏపీ 30 అంటే శ్రీకాకుళమని దూరం నుంచే తెలిసేది. ఇప్పుడు ఆర్‌సీ మీద చిరునామా చదవాలి. తీరంలో తిరిగిన బండైతే బానెట్ ఎత్తకముందే కింద దూరు. పాత చొక్కా వేసుకుని వెళ్లు.

తలుపుల అడుగు అంచు వేలితో తడుము. అక్కడ నీళ్లు పోడానికి చిన్న కన్నాలుంటాయి, అవి పూడుకుపోతే తుప్పు లోపల్నించి మొదలై పైకి బుడగలా కనిపిస్తుంది. డిక్కీలో చాప ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంట చూడు. చక్రాల పైన సస్పెన్షన్ బిగించిన చోటు, బ్రేకు పైపులు, సైలెన్సర్ అతుకులు చూడు. పైపైన ఎర్రబడితే బెంగలేదు, గీకి రంగేస్తే పోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే ఖణ్‌మనాలి. మొద్దుగా మోగినా, పెచ్చు రాలినా ఆ బండికి ధరే లేదు, లేచి వచ్చేయ్. పాత బండికి కింద నిగనిగలాడే కొత్త నల్ల పూత ఉంటే మెచ్చుకోకు, దానికింద ఏముందో అడుగు. చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి పట్టుకెళ్తే, లప్పం పెట్టి టింకరింగ్ చేసిన చోట అది అంటుకోదు.

మీటరు అంకెని నమ్మడానికి ముందు టైరు దగ్గర కూర్చో. పక్క గోడ మీద ఒక గుడ్డు ఆకారంలో నాలుగంకెలుంటాయి. 2223 అని ఉంటే 2023లో 22వ వారంలో తయారైందని. 31,000 మాత్రమే తిరిగిన 2019 బండికి 2023 టైర్లు ఎందుకొచ్చేయి? సరిగ్గా నడిపితే మొదటి టైర్లు ఇంకా ఉండాలి. నాలుగూ మార్చేరంటే బండి మీటరు చెప్పినదానికంటే ఎక్కువ తిరిగుండొచ్చు, లేదా ఎండలో నిలబడి పగిలుండొచ్చు. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే మొదటిదే నిజం. నంబరు చెప్పి కంపెనీ సర్వీసు సెంటర్‌లో రికార్డు అడగమను. అక్కడ ప్రతి సర్వీసుకీ కిలోమీటర్లు రాస్తారు. ఈ పని డీలరు చేత చేయించు. తటపటాయిస్తే నీకు జవాబు దొరికినట్టే.

సీటు బెల్టు చివరిదాకా లాగి చూడ్డం మర్చిపోకు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు మునిగేయి. మునిగిన బండి కడిగితే మెరుస్తుంది, బెల్టు లోపలి మడతలో బురద గీత మాత్రం ఉండిపోతుంది. సీటు పట్టాల కింద తుప్పూ, కారునిండా సెంటు వాసనా తోడైతే ఇంకేం కావాలి? దానికి రాయితీ అడక్కు. వైర్లలో నీరు దిగిన బండి ఎప్పుడు ఆగుతుందో మెకానిక్కే చెప్పలేడు.

కాగితాలు కూడా డబ్బే. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. పాతవాడికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపు ఉంటే అది వాడితో పోతుంది, ఆ తేడా నువ్వు కట్టాలి. బండి నీ పేర మారిన 14 రోజుల్లో బీమా మార్చమని రాసుకోవాలి. ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే, అప్పు తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చూడకుండా పైసా తియ్యకు. ఒడిశాలో పర్లాకిమిడి వైపు నుంచి ఓడీ నంబరు బండ్లు మనకి చవగ్గా వస్తాయి, అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సూ కలిపి చూస్తే చాలాసార్లు ఆ చవక మిగలదు.

డీలరుని దొంగ అనుకుని వెళ్లకు. వాడికి అద్దె, వడ్డీ, కుర్రాళ్ల జీతాలు ఉన్నాయి. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఏకర్‌లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీదే ఒక వ్యాసం రాసేడు, 2001లో నోబెల్ వచ్చిందీ ఆ దారిలోనే. లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. అందుకని కొనేవాడు అన్నిటికీ సగటు ధరే ఇస్తాడు, మంచి బండి ఉన్నవాడు ఆ ధరకి అమ్మడు, బజారులో చెడ్డవే మిగుల్తాయి. ఆయన 1967-68లో ఢిల్లీలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాడు. మన ఆడవాళ్లు బజారు బియ్యంలో కావాలని కలిపిన రాళ్లు ఏరుకోవడం కూడా ఆ వ్యాసంలోకెక్కింది. డీలరుకి మనం ఇచ్చే లాభం ఆ రాళ్లు ఏరినందుకు కూలి. ఏరేనని కాగితం మీద రాసిస్తే ఇవ్వు. ఆరు నెలలు ఇంజను, గేరుబాక్సు నాది అని రాసిస్తే, నేనైతే పదివేలు ఎక్కువ పెడతాను. నోటి మాటకి రూపాయి కూడా పెట్టను.

జీఎస్టీ పేరుతో మొత్తం ధర మీద 18 శాతం అడిగితే ఒప్పుకోకు. 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది వ్యాపారి మార్జిన్ మీద 18 శాతం. 3,60,000కి కొని 4,20,000కి అమ్మితే 60,000 మీద 10,800, అంతే. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలరుకి రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలి, గోడ మీద లేకపోతే చూపించమను.

ఇక నీ లెక్క. బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు, ముందు సస్పెన్షన్ బుష్‌లు, బీమా తేడా కలిపి 35,000 తేలిందనుకో. 4,20,000లోంచి అది తీసి, రాతపూర్వక గ్యారంటీకి 10,000 కలుపు. 3,95,000. నాలుగు లక్షల దాకా వెళ్లు, ఆపైన వద్దు. వాడు దిగకపోతే నీ నంబరిచ్చి వచ్చేయ్. నెలాఖరుకి చాలామంది ఫోన్ చేస్తారు.

టోకెన్ ఐదువేలు మించి ఇవ్వకు. రసీదులో బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఒప్పుకున్న ధర, మెకానిక్ చూసేక వద్దనుకుంటే టోకెన్ వాపసన్న మాట రాయించు. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద నీ పేరు నింపకుండా ఖాళీగా సంతకాలు పెట్టించి ఇస్తే తీసుకోకు. శనివారం రాత్రి ఫోన్ చెయ్, మీ అత్త కూడా ఏ రంగు బండో అని అడుగుతోంది.

ఉంటాను,
మావయ్య