నీరసించిన తల్లి జామ చెట్టు: అంట్లు కట్టే ముందు వేరు చూడండి

పైన వీడియోలో మీరు చూసింది పాత జామ చెట్టుకి మేం కట్టిన గాలి అంట్లు. కట్టడం, కోయడం వరకు వీడియోలో ఉంది. ఆ చెట్టుని కట్టే స్థితికి ఎలా తెచ్చామన్నది మాత్రం అందులో పట్టలేదు. అది ఇక్కడ రాస్తున్నా.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు మిద్దె తోటల వాళ్ళు, ఇటు ఇబ్రహీంపట్నం వైపు రైతులు ఫోన్ చేసి ఎక్కువగా అడిగేది ఒకటే: "తల్లి చెట్టు నీరసంగా ఉంది అన్నా, జీవామృతం ఎన్నిసార్లు పోయాలి?" ఎన్నిసార్లు అన్నది తర్వాతి మాట. ముందు ఆ చెట్టు ఎందుకు నీరసించిందో తేలాలి.

తల్లి చెట్టు అంటే మనం కొమ్మలు తీసుకుని కొత్త మొక్కలు చేసుకునే చెట్టు. గింజ పెడితే జామ తల్లిలా రాదు. రంగు మారుతుంది, తీపి మారుతుంది, గింజ గట్టిదనం మారుతుంది. అంటు కడితేనే అచ్చం అదే చెట్టు. మన దగ్గర అందరూ వేసే లక్నో-49 ఎలా వచ్చింది? 1927లో పుణె గణేష్‌ఖిండ్ కేంద్రంలో అలహాబాద్ సఫేదా గింజ మొక్కల్లోంచి డాక్టర్ చీమా ఏరిన ఎంపిక అది. ఇవాళ ఎక్కడ నిజమైన లక్నో-49 ఉన్నా ఆ చెట్టు కొమ్మకి కొమ్మే. మన హైదరాబాద్ పేరు మోసిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష కూడా అంతే. 1890లో అబ్దుల్ బాఖర్ ఖాన్ తెచ్చి నాటారని చెప్పే ఆ తీగ, కత్తిరింపు ముక్కలతోనే తోటలకి తోటలై పాకింది. (యూట్యూబ్‌లో మదర్ ప్లాంట్ అని కొడితే గంజాయి వీడియోలే వరసగా వస్తాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా ఆ మొక్క పెంచడం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం. ఆ వీడియోలు చూసి జామకి అదే పద్ధతి చేయబోయేవాళ్ళకి ఇంకో మాట: గంజాయిది లేత కొమ్మ, నీళ్ళలో పెట్టినా వేరేస్తుంది. జామది గట్టి కొమ్మ, ముక్క కోసి గుచ్చితే చాలావరకు ఎండిపోతుంది. అందుకే గాలి అంటు.)

నీరసించిన తల్లి నుంచి అంటు తీసుకోవచ్చా అంటే నేను చెప్పేది ఇది. తల్లి ఆకలి పిల్లకి రాదు, తల్లి రోగం మాత్రం వస్తుంది. నీళ్ళు లేకో, ఎరువు లేకో, విపరీతంగా కాసో అలసిన చెట్టు కొమ్మకి మంచి మట్టి దొరికితే ఏడాదిలో మామూలు మొక్క అవుతుంది. కాకపోతే అలసిన కొమ్మలో పిండి పదార్థం నిల్వ ఉండదు కాబట్టి కట్టిన పదిలో రెండు మూడు కూడా వేరేయవు. రోగం ఉన్న చెట్టు సంగతి వేరు. దాని అంట్లు మీ నర్సరీ సంచిలోంచి ఇంకో రైతు ఎకరంలోకి వెళ్తాయి. ఆయన మూడేళ్ళు పెట్టుబడి పెట్టాక బయటపడుతుంది.

ఇక ఈ చెట్టు సంగతి. మా ఊరి పక్కనే ఒక పెద్దమ్మ పొలంలో ఉంది, వాళ్ళ మామగారు నాటిందట. లోపల లేత గులాబీ రంగు, గింజ తక్కువ, వాసన వాకిట్లోకే వస్తుంది. రకం పేరు ఎవరికీ తెలీదు. ఆ భూమి వెంచర్‌కి ఇచ్చేశారు, సంక్రాంతి తర్వాత జేసీబీ వస్తుందన్నారు. తుర్కయంజాల్ చుట్టుపక్కల ఇది కొత్త కాదు, సాగర్ రోడ్డు పొడుగునా తోటలు ప్లాట్లయ్యాయి. మేం వెళ్ళింది మాఘమాసంలో. ఆకు చిన్నగా రాగి రంగు తిరిగింది, చిగుళ్ళు జానెడు కూడా లేవు, పుల్లంత కొమ్మకి కూడా పూత ఉంది. పెద్దమ్మ అన్నది, "ఇది పోయినట్టే బిడ్డా, ఉన్న కొమ్మలకే కట్టుకో." అప్పటికే రెండు మూడేళ్ళుగా ఎవరెవరో వచ్చి కొమ్మలు కోసుకుపోయారు, ఒక్కటీ బతకలేదట.

చేతిలో దాదాపు పదకొండు నెలలున్నాయి. కాబట్టి ఆ రోజు కట్టలేదు. పార పట్టుకుని తవ్వాం.

మొదలు దగ్గర కాదు, కొమ్మల చివర నీడ పడే చోట తవ్వాలి. జామకి మేత వేళ్ళు ఎక్కువగా పై అడుగు లోతులోనే ఉంటాయి. నాలుగు దిక్కులా జానెడు వెడల్పు గుంట తీసి, సన్న వేళ్ళు పిడికెడు కడిగి చూడండి. వేళ్ళ మీద పూసల దండలా బుడిపెలు కనిపిస్తే నులిపురుగులు. జామని పట్టే మెలాయిడోగైనే ఎంటరోలోబి అనే జాతి మన దేశంలో నర్సరీ మొక్కల మట్టితోనే ఎక్కువగా పాకుతోంది. వేరు గోధుమ రంగుకి తిరిగి, వేలితో లాగితే తోలు ఊడొచ్చి, చెట్టు ఒక్కో కొమ్మగా వాడిపోతూ ఉంటే ఎండు తెగులు అనుకోవాలి. ఆ చెట్టు నుంచి ఏ అంటూ తీసుకోవద్దు, అది ఎంత మంచి రకమైనా సరే. బుడిపెలూ కుళ్ళూ లేక వేళ్ళు తక్కువగా, కొస తెల్లగా ఉంటే అది ఆకలి. దానికి మందు ఉంది.

నులిపురుగు ఉన్న చెట్టే మీ దగ్గర ఆఖరిదైతే ఒక దారి ఉంది. ఆ పురుగు ఉండేది వేరులో, మట్టిలో. గాలి అంటు నేలకి పైన, స్ఫాగ్నం మాస్‌లో వేరేస్తుంది కాబట్టి కొమ్మతో పురుగు రాదు. నేల అంటు తొక్కితే మాత్రం కచ్చితంగా వస్తుంది. అలాంటి చెట్టుకి గాలి అంటు మాత్రమే కట్టి, ఆ తోట మట్టి రేణువు కూడా తగలకుండా, వేరే చోట నుంచి తెచ్చి ఎండబెట్టిన మట్టిలో పెట్టాలి. సంచులు నేల మీద కాకుండా బల్ల మీదో రాళ్ళ మీదో ఉండాలి. చాలా నర్సరీల్లో రోగం పట్టేది ఇక్కడే, తల్లి దగ్గర కాదు.

పెద్దమ్మ చెట్టుకి బుడిపెల్లేవు. పాదు మాత్రం సిమెంటులా గట్టిపడి ఉంది. కింద మొరం, పైన రెండడుగుల చల్క. బోరు నీళ్ళ తెల్ల పెచ్చు మట్టి మీదే కనిపిస్తోంది. కాండం మీద రంపపు పొట్టు, మలం కలిసిన గూడు దారులు, అంటే బెరడు తినే పురుగు. పైగా ఏటా కాపు, ఏటా కోత. ఇన్ని భారాలు మోస్తున్న చెట్టు మీద అంటు కడితే ఎట్లా పడుతుంది?

ఆ రోజే చేసిన మొదటి పని పూత, పిందె మొత్తం తెంపేయడం. పెద్దమ్మకి అది నచ్చలేదు, ఆఖరి ఏడాది కాయ తిందామనుకుంది. గుమ్మం వైపు ఒక కొమ్మ ఆమెకి వదిలేశాం. తర్వాత పొట్టు గూళ్ళు బ్రష్‌తో దులిపి, రంధ్రంలో ఇనుప తీగ గుచ్చి, వేప నూనెలో తడిపిన దూది దూర్చి బంకమట్టితో మూసేశాం. వారం తర్వాత చూస్తే రెండు చోట్ల కొత్త పొట్టు ఉంది, అక్కడ మళ్ళీ చేశాం.

కత్తిరింపు గురించి కొంచెం ఆగి చెప్తా. జామ కత్తిరిస్తే బాగా చిగురిస్తుందని తెలిసి చాలామంది నీరసించిన చెట్టుని మొండిగా కొట్టేస్తారు. బలంగా ఉన్న చెట్టుకి అది సరే, వేళ్ళలో నిల్వ ఉంటుంది. అలసిన చెట్టుకి ఆకే అన్నం వండేది. దాన్ని తీసేసి ఎండాకాలం ఎదురుగా నిలబెడితే ఇంకా కుంగుతుంది. మేం ఎండు పుల్లలు, ఒకదానికొకటి రాసుకునేవి, లోపలికి పెరిగినవి తీశాం, పచ్చని భాగంలో మూడో వంతు మించలేదు. మిగతా కొమ్మల కొసలు జానెడు తగ్గించాం. కోతల మీద పేడ, ఎర్రమట్టి ముద్ద పూశాం. ఎండ తగిలే వైపు కాండానికి సున్నం కొట్టాం.

పాదుని లోతుగా తవ్వొద్దు, ఉన్న నాలుగు వేళ్ళు తెగుతాయి. పై రెండు అంగుళాలు గీరి, కొమ్మల అంచు వరకు వెడల్పు చేసి, రెండు గంపల చివికిన పశువుల ఎరువు, రెండు కిలోల వేప పిండి, కొంచెం ఘన జీవామృతం చల్లాం. దాని మీద ఎండుగడ్డి, ఆకులు అర అడుగు మందాన కప్పాం. మొదలు చుట్టూ జానెడు ఖాళీ ఉంచాలి, లేకపోతే చెదలు ఎక్కుతాయి. ఎండాకాలం అంతా చెట్టుని నిలబెట్టింది ఎక్కువగా ఈ ఆచ్ఛాదనే అని నా అభిప్రాయం.

జీవామృతం మామూలే: 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. పదిహేను రోజులకోసారి పాదులో, అదీ తడి ఉన్నప్పుడే. పొడి నేలలో పోస్తే దానిలోని సూక్ష్మజీవులకి నిలిచే చోటే ఉండదు. నీళ్ళకి బదులు కాదది. ఇంకోటి, మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళలో కొందరికి నా మాట నచ్చకపోవచ్చు: ఉప్పు నీళ్ళ బోరు కింద జింక్ అందక ఆకు చిన్నదైపోతే జీవామృతంతో అది ఒక్క సీజన్లో తీరదు. లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, రెండున్నర గ్రాముల తడి సున్నం కలిపి, కొత్త చిగురు మీద పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాం. తోటంతా ఏటా కొట్టమని చెప్పడం లేదు. గడువు ఉన్న ఒక్క చెట్టు కోసం కొట్టాం. బోరు నీళ్ళ ఈసీ పరీక్ష కూడా చేయించుకోండి. 0.75 లోపుంటే దిగులు లేదు, 2.25 దాటితే ఆ నీళ్ళతో నర్సరీ పెట్టకపోవడమే మంచిది.

ఉగాదికి చిగురు వచ్చింది గానీ పలచగా. దానికే సంతోషపడి కట్టేయొద్దు, వచ్చిన పూత మాత్రం మళ్ళీ తెంపాం. మృగశిర వానలు పడ్డాక రెండో చిగురు వచ్చింది. ఆకు అరచేయంత, నిగనిగలాడుతూ, నిటారుగా. తడి గడ్డి ఎత్తి చూస్తే మట్టికీ గడ్డికీ మధ్య తెల్ల వేళ్ళు అల్లుకుని ఉన్నాయి. అప్పుడు చెట్టు సిద్ధమైందని నమ్మకం కుదిరింది.

శ్రావణంలో కట్టాం. మాఘంలో తగ్గించిన కొసల నుంచి వచ్చి, పెన్సిలంత లావై, అడుగు చుట్టుకొలతకి తిరగని నిటారు కొమ్మలే ఎంచాం. పూత వేసిన కొమ్మ వద్దు. అంగుళం వెడల్పున బెరడు ఉంగరంలా తీసి, లోపలి జిగురు పొర కత్తి వీపుతో గీకేయాలి. అది మిగిలితే బెరడు మళ్ళీ అతుక్కుంటుంది. కోత పై అంచుకి 3000 పీపీఎం ఐబీఏ రాసి, నానబెట్టి పిండిన మాస్ పెట్టి, పాలిథీన్ చుట్టి రెండు వైపులా బిగించాం. ఐబీఏ వాడని వాళ్ళు ఉత్తదే కట్టుకోవచ్చు, వేరేసేవి తగ్గుతాయి. ఒకేసారి చెట్టంతా కట్టలేదు. 26 కట్టాం. అయిదారు వారాలకి 19 ఉండల్లో పాలిథీన్ లోపల వేళ్ళు కనిపించాయి. వాటికి కింద సగం గాటు పెట్టి, వారం ఆగి పూర్తిగా కోశాం. ఇలా రెండు దశల్లో కోస్తే కొమ్మకి ఉలికిపాటు ఉండదు.

సంచిలో పెట్టేటప్పుడు సగం ఆకులు కత్తిరించి, షేడ్ నెట్ కింద ఉంచాం. మూడు పోయాయి, పదహారు నిలిచాయి. పెద్దమ్మకి రెండు ఇచ్చాం, వనస్థలిపురంలో కొడుకు ఇంటి ముందు ఒకటి పెట్టింది. నాలుగు మా దగ్గర తల్లులుగా ఉంచుకున్నాం, వాటికి మూడేళ్ళ దాకా కత్తి తగలనివ్వం. ఈ మొక్కలు ఇప్పుడప్పుడే అమ్మకానికి లేవు, దయచేసి అడగొద్దు.

నర్సరీకి వెళ్ళి జామ మొక్క కొనేవాళ్ళు ఒక పని చేయండి. ఒక సంచి పక్కకి చింపి వేళ్ళు చూపించమని అడగండి. బుడిపె కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. చూపించను అంటే కూడా వద్దు. షేడ్ నెట్ కింద ఉన్న అంట్లని ఎండకి ఎలా అలవాటు చేయాలో వచ్చే వీడియోలో చూపిస్తా. ఈలోగా మీ చెట్టు వేళ్ళు కడిగి ఫోటో తీసి పెట్టుకోండి, దాన్ని చూసే మాట్లాడుకుందాం.