‘ఉగెత్సు’ చలనచిత్రమున కరుణ విప్రలంభ వివేకము

మృతినొందిన నాయిక జీవించియున్నట్లే నాయకుని కలిసికొన్నచో అచ్చటి రసమేది? సంభోగశృంగారమా, కరుణమా? కెంజి మిజొగుచి దర్శకత్వమున 1953లో వెలువడి, ఆ యేటనే వెనిస్ చలనచిత్రోత్సవమున రజతసింహ పురస్కారము నందిన ‘ఉగెత్సు మొనొగతారి’ యను జపాను చిత్రము ఈ ప్రశ్నను ఆలంకారికుల ముందుంచుచున్నది.

దీనికి మూలము ఉఎద అకినరి 1776లో ప్రకటించిన అదే పేరి కథాసంపుటి. అందలి తొమ్మిది కథలలో రెంటిని చిత్రకర్తలు ఒక కథగా కూర్చిరి. కాలము పదునారవ శతాబ్ది చివరి అంతర్యుద్ధముల కాలము. స్థలము బివా సరస్సు పరిసరము. గెంజురో యను కుమ్మరి ధనాశచే భార్యయైన మియగిని, పసిబిడ్డను విడిచి, పట్టణమున పాత్రలమ్మబోయి వకసా యను ప్రభుకన్య మోహమున చిక్కుకొనును. ఆమె ప్రేతాంగన.

మూలకథలో ఆ మోహిని శ్వేతసర్పము. కావున ప్రధానముగా భయానకమునకు ఆలంబనము. చిత్రమున ఆమె, నొబునగ చేత వంశము నశింపగా, ప్రేమ నెరుగకయే మరణించిన కన్య. ఈ యొక్క మార్పుచే ఆమె రతిని ఆభాసమని తేలికగా త్రోసివేయరాదు. ఆమె నుండి రక్షణకై ఒక పురోహితుడు గెంజురో దేహముపై సంస్కృతాక్షరములు లిఖించును. 806లో చీనా నుండి మరలివచ్చిన కూకై భిక్షువు వ్యాప్తి గావించిన సిద్ధలిపి జపానులో బీజాక్షరలేఖనమునకు నేటికిని వాడుకలో నున్నది. వకసా ఆ యక్షరములను తాకజాలక వెనుదీయుట సంస్కృతజ్ఞులకు ముచ్చట గొల్పవచ్చును. కాని సహృదయుని మనస్సు ఆ క్షణమున అక్షరముల పక్షమున గాక ఆమె పక్షముననే నిలుచును.

అసలు విచారణీయము చివరి ఘట్టము. ఆకలిగొన్న సైనికులు మియగిని పొడుచుట ప్రేక్షకుడు ముందే చూచినాడు, గెంజురో యెరుగడు. రాత్రివేళ అతడు ఇల్లు చేరును. గది శూన్యము, పొయ్యి చల్లబడియున్నది. పిలుచుచు అతడు ఇల్లు చుట్టివచ్చునంతలో ఛాయాగ్రాహకుడు కజుఓ మియగవా దృశ్యమును తెగనీయక తిరిగి గదిలోనికి త్రిప్పును. ఇప్పుడు మంట వెలుగుచున్నది. మియగి దానికడ కూర్చుండియున్నది. ఆమె మాటలాడును, ఆదరించును, నిద్రించు భర్త వస్త్రములు సవరించును. తెల్లవారిన పిమ్మట గ్రామపెద్ద వచ్చి ఆమె మరణవార్త తెలుపును.

ఆ రాత్రి నాయకుని స్థాయి రతి. సామాజికునకు కలుగునది కరుణము. రసము అనుకార్యగతము కాదను అభినవగుప్తుని సిద్ధాంతమునకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శనము దొరకుట యరుదు. భవభూతి ఉత్తరరామచరితమందలి ఛాయాంకమును దీని ప్రక్కన నిలిపి చూడవలెను. అచ్చట సీత జీవించియున్నది. రాముడు గతించినదని దుఃఖించుచున్నాడు. అదృశ్యయై ఆమె చేయు స్పర్శ యథార్థము. ఇచ్చట మియగి గతించినది. గెంజురో బ్రతికియున్నదని సంతసించుచున్నాడు. కనబడు రూపమే మాయ. రెంటియందును సామాజికుని జ్ఞానము నాయకుని జ్ఞానమును మించియుండును. భవభూతికడ ఆ అధికజ్ఞానము ఊరట; మిజొగుచికడ అదియే శల్యము.

దీనిని కరుణవిప్రలంభ మనవచ్చునా? గతించినవారు తిరిగి లభింపదగినవారై యుండవలెనని సాహిత్యదర్పణకారుని నియమము. కాదంబరిలో పుండరీకుని మరణానంతరము వినబడిన దివ్యవాక్యము మహాశ్వేతకు పునస్సమాగమము నాశచూపినది. చిత్రాంతమున చక్రము ద్రిప్పుచు కుండలు చేయు గెంజురో ఘట్టమున మియగి స్వరము వినవచ్చును. కాని అది పునస్సమాగమమును వాగ్దానము చేయదు, తాను చెంతనే యున్నానని మాత్రము పలుకును. కావున ఒకరు మృతులైనచో మిగిలినది శోకమేయను ధనంజయుని మతమే యిచ్చట గ్రాహ్యము. శృంగారము అంగము, కరుణము అంగి. పిదప బాలుడు అన్నపాత్రను తల్లి సమాధికడ నుంచి చేతులు జోడించును. దృశ్యము మెల్లగా పైకి లేచి పొలములను చూపును.