ఒకే ఇనుము, అయస్కాంతం దగ్గర రెండు తీర్లు

కొయ్యూరు చుట్టుపక్కల ఎర్రమట్టి చూడని పిల్లలుండరు. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. మన నెత్తుటి హిమోగ్లోబిన్‌లోనూ ఇనుమే. ఇనుము లాంటి లోహాల చుట్టూ ఏ పరమాణువులు, ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే పాఠమే ఇంటర్‌లోని సమన్వయ సమ్మేళనాలు. చాలామంది బట్టీపట్టి, పరీక్ష కాగానే వదిలేస్తారు. అది కూడు పెట్టే చదువని చెప్పేవాళ్లు తక్కువ.

కాలేజీ ల్యాబ్‌లో రెండు సీసాలు వెతకండి. లేత ఆకుపచ్చ మోర్ సాల్ట్ ఒకటి, పసుప్పచ్చ పొటాషియం ఫెర్రోసయనైడ్ ఇంకొకటి. రెండింట్లోనూ ఫెర్రస్ ఇనుమే. పొడిచేసి గాజు గొట్టంలో నింపి, త్రాసుకు వేలాడదీసి అయస్కాంత ధ్రువాల మధ్యకు దింపితే మోర్ సాల్ట్ బరువు పెరిగినట్టు, ఫెర్రోసయనైడ్ కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. మొదటిదాంట్లో ఇనుము చుట్టూ 6 నీటి అణువులుంటాయి, 4 ఎలక్ట్రాన్లు జత లేకుండా మిగిలిపోతాయి. సయనైడ్ పట్టు గట్టిది, అన్నిటికీ జత కట్టించేస్తుంది. 1936లో పాలింగ్, కోరియెల్ నెత్తురు మీద చూపించిందీ ఇలాంటిదే: ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం లాగదు, వదిలేసినదాన్ని లాగుతుంది.

ఇనుము చుట్టూ నైట్రోజన్ ఉన్న కొన్ని సమ్మేళనాలు వేడెక్కితే ఫెర్రోసయనైడ్ తీరు నుంచి మోర్ సాల్ట్ తీరుకు మారతాయి. అప్పుడు ఇనుముకీ నైట్రోజన్‌కీ మధ్య దూరం సుమారు 2.0 నుంచి 2.2 ఆంగ్‌స్ట్రామ్‌లకు పెరుగుతుంది. ఆ కాస్త తేడాను పట్టేది సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌ఆర్‌డీ). మెషీన్ పని కొన్ని గంటలే. దానికి పనికొచ్చే ఆవగింజంత స్ఫటికం పెరగడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. తొందరపడే వాళ్లకు ఈ దారి వద్దనే అంటాను.

లెక్కలంటే ఇష్టమైతే ఇంకా మంచిది. స్ఫటిక సౌష్ఠవానికి పనికొచ్చే గ్రూప్ థియరీ మీద సూరి భగవంతం, వెంకటరాయుడు రాసిన పుస్తకం 1948లో మన విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ నుంచే వచ్చింది.

ఇక దారి. డిగ్రీలో కెమిస్ట్రీ, తర్వాత ఐఐటీ జామ్ లేదా సీయూఈటీ పీజీ రాసి ఎమ్మెస్సీ, ఆపైన సీఎస్‌ఐఆర్ నెట్. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. గిరిజన విద్యార్థులకు కేంద్రం ఏటా 750 నేషనల్ ఫెలోషిప్‌లు విడిగా ఇస్తుంది. పీహెచ్‌డీ వద్దనుకున్నా నష్టం లేదు. ఒకే మందు వేర్వేరు స్ఫటిక రూపాల్లో ఉంటే కరిగే తీరు మారుతుంది కాబట్టి, పరవాడ, హైదరాబాద్ లాంటి చోట్ల ఫార్మా ల్యాబ్‌లకు ఎక్స్‌ఆర్‌డీ చదవగలిగినవాళ్లు కావాలి. ఇంటర్వ్యూలో మార్కుల కన్నా ముందు అడిగేది, మెషీన్ మీద చెయ్యి పెట్టారా అనే.

జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో మొదలవుతాయి. ఎస్టీలకు ఫీజు సగమే. కుల ధ్రువపత్రం కోసం ఆఖరివారం దాకా ఆగకుండా ఇప్పుడే మండల ఆఫీసుకు వెళ్లి రండి.