విదూషకుడు – శకారుడు: హాస్యము భయముగా మారు విధము

నవ్వించుటకై ధరించిన వేషము భయపెట్టుట లోకానుభవసిద్ధము. పాశ్చాత్యకథలలో ఇట్టి వేషధారి ప్రతినాయకుడే యైనాడు. 1940లో అమెరికా బొమ్మలకథలలో ప్రవేశించిన జోకరు, 1986లో స్టీఫెన్ కింగ్ ప్రకటించిన ‘ఇట్’ నవలలోని బఫూను ఇందుకు ప్రసిద్ధోదాహరణములు. ఇది కేవలము ఆధునికకల్పన యనుట యుక్తము కాదు. దీని బీజము భరతుని రసవిచారమునందే కలదు; శూద్రకుని మృచ్ఛకటికమున అది ఫలించినది.

నాట్యశాస్త్రము షష్ఠాధ్యాయమున హాస్యమునకు వికృతవేషాలంకారాదులును, భయానకమునకు వికృతధ్వని, భూతాదిదర్శనము మున్నగునవియు విభావములుగా చెప్పబడినవి. వికృతి రెండింటికిని సాధారణము. హాస్యమునకు అధిదేవతలు ప్రమథులు. వారు శివుని గణములే కదా! విదూషకుని లక్షణములో పొట్టితనము, గూను, ఎత్తుపండ్లు, బట్టతల, పింగళనేత్రములు, వికృతముఖము పేర్కొనబడినవి. పాత్రనామము తెలియక ఈ లక్షణమును చదివినవాడు దీనిని రాక్షసవర్ణనముగా భావించినను ఆశ్చర్యము లేదు.

అట్లైన సామాజికుడు విదూషకుని చూచి ఏల భయపడడు? పరిచయము వలననే యందురేని, అది చాలదు. శకారుడును సామాజికునకు పరిచితుడే. ఈ వికృతి వలన ఎవరికిని హాని లేదను నిశ్చయమే ఇచట ముఖ్యహేతువు. హాస్యాస్పదమగు వైరూప్యము బాధను గాని వినాశమును గాని కలిగింపరాదని గ్రీకు పండితుడు అరిస్టాటిల్ కూడ నిరూపించినాడు. ఆ నిశ్చయము సడలినచో, నవ్వించిన వికృతియే భయవిభావమగును.

ఈ భేదమును మృచ్ఛకటికము ఒకే రూపకమున చూపుచున్నది. అందు మైత్రేయుడు విదూషకుడు. అతడు భోజనప్రియుడు, పిరికివాడు. అయినను దారిద్ర్యమున చారుదత్తుని విడువని మిత్రుడు. శకారుడు సకారమును శకారముగా పలుకును. ఇతిహాసపాత్రములను తారుమారు చేయును. ప్రథమాంకమున అతని ప్రలాపము నవ్వు పుట్టించును. అష్టమాంకమున, పుష్పకరండకోద్యానమున, అదే నోటితో ప్రలపించుచు వసంతసేన కంఠమును నులిమి, ఆమె మరణించినదని తలచి ఆకులతో కప్పును. నవమాంకమున ఆ నేరమును చారుదత్తునిపై మోపును. తన వ్యవహారమును విననిచో పదవి ఊడగొట్టింతునని న్యాయాధికారిని బెదరించును. అతని ఉచ్చారణము మారలేదు, మౌర్ఖ్యము మారలేదు. అతడు రాజశ్యాలకుడు. మౌర్ఖ్యమునకు అధికారము తోడైనపుడు దానిని చూచి నవ్వువారు ఉండరు.

నిశ్చయమునకు మూలము ఎరుక. దీనికి తెలుగునాటి మొహర్రం నిదర్శనము. హైదరాబాదు పాతనగరమున దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుండి వెడలు ఊరేగింపు శోకప్రధానము. అందు హాస్యమునకు తావు లేదు. తెలుగు పల్లెలలో మాత్రము ఆ పీర్ల పండుగకే పులివేషములు కట్టు ఆచారము కలదు. వేషగాడు మీదికి దూకినట్లు నటింపగా పిల్లలు పరుగెత్తి, మరల నవ్వుచు మూగుదురు. రంగుచారల వెనుక నున్నవాడు తమ యూరివాడే యని వారెరుగుదురు. ఎరుగని పసిబిడ్డ తల్లి కొంగున ముఖము దాచుకొని ఏడ్చును. వేషమొక్కటే; ఎరుకయే భేదకము.

సర్కసు బఫూను విషయమున ఈ ఎరుక దుర్లభము. అతని నవ్వు రంగుతో దిద్దబడినది. అనుభావము ముఖమున స్థిరముగా నిలిచి, లోని భావమును తెలియనీయదు. వృత్తులలో బఫూను వృత్తియే అత్యధికముగా బెదురు గొల్పునదని 2016లో ప్రకటితమైన ఒక అమెరికా మనశ్శాస్త్రపరిశీలన తెలిపినది. అపాయము కలదో లేదో తేలని స్థితియే ఆ బెదురునకు కారణమని దాని వివరణ. అది పై సిద్ధాంతమునకు అనుకూలము.

కావున శకారుని హాస్యపాత్రల పట్టికలో చేర్చి ఊరకుండుట పాఠమునకు న్యాయము కాదు. ప్రథమాంకమున అతనిని చూచి నవ్విన విద్యార్థి, అష్టమాంకమున ఆ నవ్వు ఏల ఆగినదో చెప్పగలిగిననాడే హాస్యభయానకముల సంబంధము అతనికి బోధపడినట్లు.