వేసవిలో కుందేళ్ళకు అనుబంధ మేతలు

మన తెలుగు ప్రాంతములలో కుందేళ్ళను పెంచువారికి ఏటేటా ఎదురగు గట్టి పరీక్ష ఎండకాలము. శీతాకాలమున చురుకుగా తిరిగిన కుందేళ్ళు ఎండలు ముదరగానే మేత తగ్గించును. తల్లులకు పాలు తగ్గును. పిల్లలు బరువు పెరగవు. మగవాటితో కలిపినను ఆడవి చూలు కట్టవు. ఇట్టి సమయమున పెంపకందారులు ఏదో ఒక టానిక్కు సీసా కొని తెచ్చి నీటిలో కలుపుట పరిపాటి. ఆ సీసా వెలతో ఎన్ని దినముల దాణా వచ్చునో లెక్క వేసినచో చాలమంది ఆగి ఆలోచింతురు.

కుందేలుకు వేసవిలో పనికివచ్చు అనుబంధ మేతలు మన పెరటిలోనే కలవు. మునగ, అవిశ, అలసంద, ఉసిరి అట్టివి. అయితే ఒక మాట ముందుగా గ్రహింపవలెను. ఏ ఆకును కుందేలును చల్లబరుపజాలదు. నీడ, నీరు, రాత్రి మేత, ఈ మూడును అమరిన తరువాతనే ఆకు పనిచేయును. ఈ వరుస తప్పినచో ఎంత మంచి ఆకు వేసినను మిగులునది ఖర్చే.

కుందేలుకు వేడి ఎందుకు పడదు?

పెంపుడు కుందేలు పూర్వము స్పెయిను దేశపు ప్రాంతములలో బొరియలు త్రవ్వుకొని బ్రతికిన జంతువు. మన పొలములలో తిరుగు చెవులపిల్లి వేరు జాతి. చెవులపిల్లి పగలు పొద నీడన కదలక పడియుండి, ప్రొద్దుగ్రుంకిన తరువాత మేతకు బయలుదేరును. అందుచేతనే దక్కను ఎండలకు తట్టుకొనుచున్నది. దీనిని పట్టుటగాని, పెంచుటగాని తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది. దాని అలవాటును మాత్రము మనము నేర్చుకొనవచ్చును.

పెంపుడు కుందేలుకు చెమట పట్టదు. ఒంటివేడి చెవుల ద్వారాను, శ్వాస ద్వారాను మాత్రమే వెలుపలికి పోవలెను. దానికి హాయిగా ఉండునది సుమారు 18 నుండి 21 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణము. 30 డిగ్రీలు దాటిన కొలది మేత తగ్గును. 35 దాటినచో ఒంటివేడిని అదుపులో ఉంచుకొనుట దానికి కష్టము. హైదరాబాదు ప్రాంతమున ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణము 40 డిగ్రీలను తాకుచుండుట మనకు తెలిసినదే.

మగ కుందేలు విషయము మరింత జాగ్రత్తగా చూడవలెను. దాని వీర్యకణములు తయారగుటకు సుమారు రెండు నెలలు పట్టును. అందువలన మే నెలలో తగిలిన వేడి జూన్, జూలై నెలలలో గొడ్డుతనముగా బయటపడును. వానలు పడి చల్లబడినను ఈతలు రాలేదని విచారించువారు ఈ సంగతి గుర్తించవలెను.

ముందు నీడ, నీరు

పంజరములపై తాటాకు గాని, జమ్ము గాని, వరిగడ్డి గాని మందముగా కప్పవలెను. రేకు కప్పు తప్పనిచో దానిపై గడ్డి పరచి తడుపవలెను. తడిపిన గోనెపట్టాలు పడమటి వైపు వ్రేలాడదీయుట మంచిదే. కాని గాలి ఆడని కొట్టములో పట్టాలు తడిపినచో ఉక్క పెరిగి హాని కలుగును.

కుందేలు మామూలు రోజులలో తాను తిను ఎండుమేత బరువునకు దాదాపు రెట్టింపు నీరు త్రాగును. వేసవిలో ఇంతకన్న ఎక్కువ కావలెను. పిల్లలకు పాలిచ్చు తల్లికి దినమునకు ఒక లీటరు వరకు పట్టవచ్చును. నీరు వేడెక్కినచో కుందేలు త్రాగదు. నీరు త్రాగనిచో మేత ముట్టదు. మట్టి మూకుడు నీటిని చల్లగా ఉంచును. దినమునకు మూడు మారులు కడిగి నింపవలెను. నీటిగొట్టముల వాడకము ఉన్నచోట గొట్టమును ఎండ తగులకుండ కప్పవలెను.

మేత రాత్రియందే

మేత అరుగునపుడు కడుపులో వేడి పుట్టును. పగలు పండ్రెండు గంటలకు దాణా వేసినచో బయటి వేడికి లోపలి వేడి తోడగును. కాబట్టి వేసవిలో దాణాలో మూడవ వంతు తెల్లవారుజామున ఆరు గంటలలోపు, మిగిలినది సూర్యాస్తమయము తరువాత వేయవలెను. ఎండుగడ్డి మాత్రము ఎల్లవేళల అందుబాటులో ఉండవలెను. పీచు తక్కువైనచో కుందేలు పేగు సరిగా నడవక పారుడు పట్టును.

కుందేలు తన మెత్తని పెంటికలను తానే నేరుగా నోట అందుకొని తినును. ఇది రోగము కాదు, మురికి అలవాటు కాదు. పెద్ద ప్రేగు తిత్తిలో సూక్ష్మజీవులు తయారుచేసిన బి విటమినులు, మాంసకృత్తులు ఈ విధముగా దానికి తిరిగి దక్కును. ఆరోగ్యముగానున్న కుందేలుకు బి విటమిను టానిక్కు సాధారణముగా అక్కరలేకపోవుటకు ఇదియే కారణము.

ఏ ఆకు, ఎంత?

వేసవిలో కుందేలు తక్కువ తినును. కనుక తిను ప్రతి కబళములోను సత్తువ ఎక్కువ ఉండవలెను. అనుబంధ మేతల వలన కలుగు మేలు ఇదియే.

1. మునగ: ఎండిన మునగాకులో మాంసకృత్తులు నూటికి సుమారు 25 పాళ్ళు ఉండును. సున్నము, ఇనుము, ఎ విటమినుకు మూలమగు కెరోటిను సమృద్ధిగా కలవు. ఈజిప్టు, నైజీరియా వంటి వేడి దేశములలో కుందేళ్ళ దాణాలో మునగాకును వాడి పలు పరిశోధనలు జరిపిరి. పెద్ద కుందేలుకు దినమునకు 50 గ్రాముల పచ్చి ఆకు చాలును. ఎండించిన పొడియైనచో నూరు పాళ్ళ దాణాలో అయిదు నుండి పది పాళ్ళు కలుపవచ్చును. అంతకు మించి పెట్టుట లాభము కాదు. కుందేలు మేతలోని సున్నమును అవసరమున్నను లేకున్నను చాలవరకు ఒంటికి పట్టించుకొని, అధికమైనదానిని మూత్రములో వదలును. సున్నము మితిమీరినచో మూత్రాశయములో ఇసుక చేరు ప్రమాదము కలదు.

మునగాకును శీతాకాలమున కోసి, కడిగి, నీడలో ఆరబెట్టి పొడి చేయవలెను. ఎండలో ఎండబెట్టినచో కెరోటిను నశించును. పొడిని గాలి, వెలుతురు చొరని డబ్బాలో ఉంచి రెండు మూడు నెలలలో వాడవలెను.

2. అవిశ, అలసంద, లూసర్ను: ఇవి పప్పుజాతి ఆకులు. మాంసకృత్తులు మెండు. ఉదయము కోసి, రెండు మూడు గంటలు నీడలో వాడనిచ్చి, సాయంకాలము వేయవలెను. మంచు తడితో గాని, కుప్పవేసి వేడెక్కినవి గాని వేసినచో కడుపు ఉబ్బును. పచ్చిమేతలో ఇవి సగమునకు మించకుండ, మిగిలిన సగము గడ్డి ఉండవలెను. సుబాబులు ఆకు కొద్దిగా మాత్రమే వేయవచ్చును. అందులోని మైమోసిను అను పదార్థము వలన అధికముగా తిన్నచో వెండ్రుకలు రాలును, ఎదుగుదల కుంటుపడును.

3. ఉసిరి: కుందేలు తనకు కావలసిన సి విటమినును తానే తయారుచేసికొనును. మనిషికి ఆ శక్తి లేదు. అయితే తీవ్రమైన వేడిలో దాని అవసరము పెరుగును. ఎండు ఉసిరి పొడి కుందేలుకు దినమునకు ఒక గ్రాము చొప్పున, ఎండలు ముదిరిన నాలుగైదు వారములు సాయంకాలపు దాణాలో కలుపవచ్చును. సంవత్సరము పొడుగున అక్కరలేదు.

4. ఉప్పు, ఖనిజ లవణములు: నూరు కిలోల దాణాకు అరకిలో ఉప్పు, కిలోన్నర ఖనిజ లవణ మిశ్రమము కలుపవలెను. చౌకయైన ఈ రెండింటిని మరచి ఖరీదైన మందులు కొనుట తగదు.

5. దినుసులు: నల్ల జీలకర్రను కుందేళ్ళ దాణాలో కలిపి ఈజిప్టులో పరిశోధనలు చేసిరి. ఇది మేతకు తోడే గాని మేతకు బదులు కాదు. ఉల్లి, వెల్లుల్లి మాత్రము మంచిదని తలచి ధారాళముగా పెట్టరాదు. అవి ఎర్ర రక్తకణములకు హాని చేయును.

ఇంటివద్ద కలుపుకొను దాణా

నూరు కిలోల దాణాకు ఈ పాళ్ళు వాడవచ్చును.

మొక్కజొన్న నూక 30 కిలోలు
గోధుమ తవుడు 33 కిలోలు
వేరుశనగ చెక్క 15 కిలోలు
కంది పొట్టు, నూక కలిసినది 10 కిలోలు
ఎండు మునగాకు పొడి 10 కిలోలు
ఖనిజ లవణ మిశ్రమము ఒకటిన్నర కిలో
ఉప్పు అరకిలో

ఇందులో మాంసకృత్తులు నూటికి 17, 18 పాళ్ళ వరకు ఉండును. నాలుగైదు కిలోల బరువుగల మగ కుందేలుకు దినమునకు 100 గ్రాముల దాణా, 250 గ్రాముల పచ్చిమేత. అంతే బరువుగల ఆడదానికి 100 గ్రాముల దాణా, 300 గ్రాముల పచ్చిమేత. చూడితోనున్నదానికి, పాలిచ్చుదానికి 150 గ్రాముల దాణా. పాలు మాన్పిన పిల్లకు 50 గ్రాముల దాణా, 150 గ్రాముల పచ్చిమేత సాధారణ కొలత. పైన చెప్పిన మునగాకు, అవిశ మొదలగునవి ఈ పచ్చిమేత లెక్కలోనివే. దాణాలో మునగ పొడి కలిపినవారు పచ్చి మునగాకును మరల వేయనక్కరలేదు.

దాణాను మెత్తని పిండిగా విసరరాదు. దుమ్ము ముక్కులలో చేరి తుమ్ములు పట్టును. కొద్దిగా నీరు చల్లి పొడిపొడిగా కలిపి పెట్టి, మిగిలినది ఉదయమే తీసివేయవలెను. తడి దాణా వేసవిలో త్వరగా పులియును. ఏ క్రొత్త మేతనైనను వారము, పది దినములలో కొద్దికొద్దిగా పెంచుచు అలవాటు చేయవలెను.

వేరుశనగ చెక్క విషయమున ఒక హెచ్చరిక. బూజు పట్టిన చెక్కలో అఫ్లటాక్సిను అను విషము పుట్టును. ఈ విషమునకు కుందేలు మిక్కిలి సున్నితమైన జంతువు. కాలేయము చెడి చనిపోవును. బూజు వాసన తగిలిన చెక్కను ఎండబెట్టి వాడుదమని తలపవద్దు. ఎండ బూజును ఆపునే గాని, పుట్టిన విషమును పూర్తిగా పోగొట్టదు.

పట్టణములో పెంచువారికి

పల్లెలో చెట్టునీడ ఉండును, గట్టున గడ్డి ఉండును. హైదరాబాదులోని మధురానగరు వంటి పేటలో మిద్దెపై రెండు మూడు జతలు పెంచదలచినవారికి ఈ రెండును ఉండవు. కాంక్రీటు మిద్దె పగలు పీల్చిన వేడిని రాత్రి వదలుచుండును. కావున పంజరమును నేలపై ఆనించక, మోకాలెత్తున కాళ్ళపై నిలిపి, తూర్పు గోడ పక్కన ఉంచవలెను. మధ్యాహ్నమున నీరు గడ్డకట్టించిన ప్లాస్టిక్ సీసాను గోనెగుడ్డలో చుట్టి పంజరములో పెట్టినచో కుందేలు దాని ప్రక్కన చేరి సేదదీరును. పెంపకమునకు పూనుకొనుటకు ముందు ఇంటి యజమాని, ఇరుగుపొరుగుల సమ్మతిని, పురపాలక నిబంధనలను తెలిసికొనుట మంచిది.

మేతకు మధురానగరు వారికి దగ్గరనున్న ఎర్రగడ్డ రైతు బజారు వంటి చోట్ల క్యారెట్టు ఆకు, ముల్లంగి ఆకు, కొత్తిమీర కాడలు దొరకును. వీటిని పురుగుమందు, మురికి పోవునట్లు రెండు మూడు నీళ్ళలో కడిగి, ఆరనిచ్చి వేయవలెను. క్యాబేజీ, కాలీఫ్లవరు ఆకులు గాలి పుట్టించును గనుక కొద్దిగా మాత్రమే వేయవచ్చును. పెరటిలో ఒక్క మునగ చెట్టున్నచో రెండు జతలకు ఆకు కొరత ఉండదు.

కుందేళ్ళను తెచ్చు కాలము కూడ ముఖ్యము. రాజస్థానములోని అవికానగరులో 1962లో నెలకొల్పిన కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థకు కొడైకెనాలు కొండలలోని మన్నవనూరులో దక్షిణ కేంద్రము కలదు. అట్టి చల్లని కొండప్రాంతములో పెరిగిన కుందేళ్ళను ఏప్రిల్ నెలలో మైదానమునకు తెచ్చినచో చాలవరకు తట్టుకొనలేవు. నవంబరు, డిసెంబరులలో తెచ్చినచో వేసవి నాటికి అలవాటుపడును.

పెట్టరానివి

గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదపు ఆకు, వయ్యారిభామ మేతలో రానీయరాదు. నీటి ఎద్దడికి వడలిన లేత జొన్న పిలకలలో విషముండును. మొలకెత్తిన బంగాళాదుంప, పాచిన అన్నము, మిఠాయిలు పనికిరావు. వడదెబ్బకు మందని బెల్లపు నీరు చిక్కగా త్రాగించినచో పారుడు పట్టవచ్చును.

కుందేలు చాపుకొని పడియుండి, వేగముగా రొప్పుచు, చొంగ కార్చుచు, చెవులు ఎర్రబడినచో వడదెబ్బ తగిలినదని గ్రహింపవలెను. వెంటనే నీడకు చేర్చి, చెవులను చల్లని నీటితో తడుపవలెను. మంచు నీటిలో ముంచరాదు. స్పృహలో ఉన్నచో నీరు దగ్గర పెట్టవలెను గాని బలవంతముగా పోయరాదు. పిమ్మట పశువైద్యుని సలహా పొందవలెను.

మీ కొట్టములోనే పరీక్షించుడు

ఏ మేతనైనను ఇతరులు పొగడినందున గాక, మీ లెక్కలో తేలినందున వాడుడు. పాలు మాన్పిన పిల్లలు పదింటిని తీసికొనుడు. ఒక్కొక్క ఈతలోని పిల్లలను రెండు జట్లకు సమముగా పంచుడు. రెండింటికి ఒకే నీడ, ఒకే నీరు, ఒకే దాణా అమర్చుడు. ఒక జట్టు దాణాలో మాత్రము మునగ పొడి కలుపుడు. ఆరు వారములపాటు వారమున కొకమారు ఒకే వేళ తూచి, తిన్న దాణాను, చనిపోయినవాటిని నోటు పుస్తకములో వ్రాయుడు. చివర ఒక కిలో బరువు పెరుగుటకు ఏ జట్టుకు ఎంత ఖర్చైనదో భాగించి చూడుడు. టానిక్కు సీసానైనను ఇట్లే పరీక్షింపవచ్చును. గ్రామాధికారులు ఇద్దరు ముగ్గురు పెంపకందారులచేత ఒకే కాలమున ఈ పరీక్ష చేయించినచో ఊరికంతటికి ఉపయోగపడు లెక్క తేలును.

ఈ ఏడు చలికాలములోనే ఒక మునగ కొమ్మను నాటుడు. రానున్న వేసవికి కొట్టము కప్పును మందము చేయుడు. దాణా వేళను రాత్రికి మార్చుడు. ఈ మూడింటికి అగు ఖర్చు స్వల్పము. వీటివలన దక్కు ఒక్క ఈత పిల్లలతోనే అది తీరును.